బార్‌లో కరెంటు, నీళ్లు, చెత్త తగ్గించాలంటే ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలి? కొండాపూర్, 70 సీట్లు

కౌంటర్ వెనక

అందరికీ నమస్కారం. కొండాపూర్‌లో 70 సీట్ల బార్ అండ్ రెస్టారెంట్, 2బీ లైసెన్స్. సామాను ఇది: డబుల్ డోర్ విసీ కూలర్లు (అద్దం తలుపుల ఫ్రిజ్‌లు) మూడు, కౌంటర్ కింద చిల్లర్ ఒకటి, డీప్ ఫ్రీజర్ ఒకటి, రోజుకు 100 కిలోల ఐస్ మెషీన్ ఒకటి. నీళ్లు బోరువి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 1100 చూపిస్తోంది. తాగడానికీ ఐస్‌కీ ఆర్ఓ పెట్టాం. గ్లాసులు చేత్తోనే కడుగుతారు, వీకెండ్‌లో 400 దాకా వస్తాయి. మామూలు రోజున 100 నిమ్మకాయలు, శనివారం 180. సోడా 750 ఎం.ఎల్. ప్లాస్టిక్ సీసాలు రోజుకు 40. బీరు ఎక్కువగా 650 ఎం.ఎల్. సీసాలే పోతుంది. చెత్త మొత్తం రెండు డ్రమ్ముల్లోకి వెళ్తుంది, అన్నీ కలిపే.

పర్యావరణానికి మేలు చేసేలా బార్‌ను మార్చాలని ఓనర్ గారు గట్టిగా అనుకుంటున్నారు. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జులై నిషేధంతోనే పోయాయి. ఇప్పుడు వెదురు స్ట్రాలు, వెదురు మెనూ కార్డులు కొందామంటున్నారు. ఆ డబ్బు నిజంగా తేడా వచ్చే చోట పెట్టాలని నా కోరిక. మొదటి విడతకు 40 వేలు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కాయిల్ క్లీనింగ్

అన్నా, స్ట్రాల సంగతి తర్వాత చూద్దాం. బార్‌ల రాత్రీ పగలూ ఆగకుండ నడిచేది కంప్రెసర్. మీరు చెప్పిన లెక్కన ఆరు ఉన్నయ్. ముందు వాటి దగ్గర కూసోండి.

40 వేలల మొదటి ఖర్చు ఒక ప్లగ్ టైప్ ఎనర్జీ మీటర్, 16 ఆంపులది. ఒక్కో మెషీన్‌కు మూడు రోజులు పెట్టి యూనిట్లు రాసుకోండి. క్లాంప్ మీటర్‌తోని చూస్తే ఆ నిమిషం ఎంత లాగుతుందో తెలుస్తది గాని, రోజు మొత్తంల ఎంతసేపు నడిచిందో తెల్వది. ఒకే సైజు కూలర్లు మూడింట్ల ఒకటి మిగతా రెండిటికన్న బాగా ఎక్కువ తింటుందంటే రోగం దాంట్లనే ఉన్నట్టు.

రోగం తొంభై పాళ్లు మూడు చోట్ల దొరుకుతది. ఒకటి, కండెన్సర్ కాయిల్, అంటే వేడిని బయటికి వదిలే రేకుల గొట్టాలు. కూలర్ కింద ముందు జాలి తీసి టార్చ్ కొట్టండి. కిచెన్ దగ్గరున్న బార్‌ల దుమ్ము ఒక్కటే ఉండదు, నూనె ఆవిరి దాని మీద పట్టి దుప్పటి లెక్క అయితది. మెత్తటి బ్రష్‌తోని రేకులు నిలువుగ ఎటు ఉంటే అటే రుద్దాలె, అడ్డంగ రుద్దితే రేకులు వంగిపోతయ్. తర్వాత బ్లోయర్. ప్రెజర్ పంపుతోని నీళ్లు కొట్టొద్దు. నెలకోసారి, ఎండకాలంల పదిహేను రోజులకోసారి. దీనికి పైస ఖర్చు లేదు.

రెండోది హైదరాబాద్ బార్లల్ల నేను ఎక్కువ చూసే తప్పు. ఇంటీరియర్ అందంగ కనపడాలని చిల్లర్‌ను ప్లైవుడ్ డబ్బాల బిగిస్తరు. వేడిగాలి బయటికి పోవడానికి దారుండదు, అదే గాలిని మళ్ల మళ్ల గుంజుకుంటది. పరీక్ష సులువు. మామూలు థర్మామీటర్ ఒకటి కాయిల్ గాలి పీల్చే చోట పెట్టండి, ఇంకోటి హాల్‌ల పెట్టండి. అరగంట తర్వాత తేడా 5 డిగ్రీలు దాటితే గాలి తిరగట్లేదని అర్థం. కార్పెంటర్‌ను పిలిచి ముందు భాగంల కింద, వెనక భాగంల పైన రంధ్రాలు కొట్టించి జాలి బిగించండి. ఒక దిక్కు మాత్రమే కొడితే పని కాదు, లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి ఉండాలె.

మూడు, తలుపు రబ్బరు. పది రూపాయల నోటు మధ్యల పెట్టి తలుపు మూసి లాగండి. పట్టు లేకుండ జారితే అక్కడ గాలి లీక్ అయితున్నట్టు. తలుపు చుట్టూ ఎనిమిది, పది చోట్ల చూడాలె. కింది మూలలనే ముందు పోతయ్, క్రేట్లు తగిలి. వంకర పోయిన రబ్బరును హెయిర్ డ్రయ్యర్‌తోని వేడి చేసి చేత్తో సర్దితే ఒక్కోసారి సెట్ అయితది, చిరిగితే మార్చుడే.

టైమర్ సంగతి. బీరు, సోడా మాత్రమే ఉన్న కూలర్లకు డిజిటల్ టైమర్ పెట్టి, బార్ మూసినంక ఆపి, తెరవడానికి మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా చేయండి. నిండుగ ఉన్న కూలర్ తలుపు తీయకపోతే చల్లదనం చాలాసేపు నిలుస్తది. మూడింటినీ ఒక్కసారే ఆన్ చేయొద్దు, పది పది నిమిషాలు ఎడం ఇయ్యండి, లేకుంటే కంప్రెసర్లన్నీ ఒకేసారి ఎత్తుకుని లోడ్ మీద పడ్తది. పాలు, క్రీమ్, జ్యూస్, సిరప్ పెట్టిన చిల్లర్‌కు, ఫ్రీజర్‌కు మాత్రం టైమర్ ముట్టియ్యొద్దు.

చల్లదనం కోసం కూలర్లల్ల నింపే గ్యాస్ గురించి ఒక్క మాట, చాలామంది పట్టించుకోరు. భూమిని వేడెక్కించే శక్తి లెక్కల కార్బన్ డయాక్సైడ్ 1 అనుకుంటే ఆర్134ఎ 1430, ఆర్404ఎ 3922. అరకిలో ఆర్404ఎ గాలిల కలిసిందంటే దగ్గర దగ్గర రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తోని సమానం. మెకానిక్ వచ్చి "గ్యాస్ తగ్గింది, టాప్ అప్ చేస్త" అంటే ఒప్పుకోవద్దు. గ్యాస్ అరిగిపోయే వస్తువు గాదు, తగ్గిందంటే లీక్ ఉన్నట్టే. నైట్రోజన్ ప్రెజర్ పెట్టి లీక్ పట్టాలె, బ్రేజింగ్‌తోని అతకాలె, వాక్యూమ్ చేయాలె, అప్పుడు గ్యాస్. కొత్తది కొనేటప్పుడు ప్లేట్ మీద ఆర్290 గాని ఆర్600ఎ గాని ఉన్నది తీసుకోండి. ఆర్290 అంటుకునే గ్యాస్, పాత ఆర్134ఎ మెషీన్‌ల అది పోస్తానంటే ఆ మెకానిక్‌ను పంపించేయండి.

ఐస్ మెషీన్ విడిగ రాస్త, అక్కడ నీళ్లూ కరెంటూ రెండూ పోతయ్. క్యాటలాగ్‌ల 100 కిలోలు అని రాసేది మామూలుగ 21 డిగ్రీల గాలి, 10 డిగ్రీల నీళ్ల లెక్కన. మే నెలల కిచెన్ పక్కన 40 డిగ్రీలల పెడితే అంత రాదు. రాకపోయేసరికి బయట నుంచి ఐస్ సంచులు తెప్పిస్తరు. మెషీన్‌ను చల్లటి మూలకు జరిపితే కొత్త మెషీన్ అవసరం పడకపోవచ్చు. 100 కిలోల ఐస్‌కు 12 నుంచి 18 యూనిట్లు పోతయ్, అందుకే మిగిలిన ఐస్ ఎంతో ప్రతి రాత్రి తూకం వేయండి.

ఇంక రాత్రి బార్ మూసేటప్పుడు ఐస్ బిన్‌ల వేడి నీళ్లు పోసి కరిగిస్తున్నరా? చాలా చోట్ల చేస్తరు. లెక్క చూడండి: 15 కిలోల ఐస్ కరగాలంటే 60 డిగ్రీల నీళ్లు 20 లీటర్లు కావాలె. గీజర్‌కు ముప్పావు యూనిట్, ఆ ఐస్ చేసినందుకు రెండు యూనిట్ల పైన, మొత్తం 35 లీటర్ల నీళ్లు మోరీల పడ్డట్టు. బదులుగ బకెట్లల ఎత్తి పెట్టండి, పొద్దుటికి కరిగి ఉంటది, తుడవడానికో కుండీలకో పనికొస్తది. ఆఖరి గంటల మెషీన్ ఆపేస్తే అసలు అంత మిగలదు.

నీళ్ల లెక్క

పైన కాయిల్ క్లీనింగ్ గారు చెప్పినవన్నీ చేయండి. నేను గ్లాసులు, ఆర్ఓ గురించి చెప్తాను.

గ్లాస్ వాష్ నల్లా కింద బకెట్ పెట్టి ఫోన్‌లో నిమిషం చూడండి. మామూలు నల్లా పూర్తిగా తిప్పితే 10 నుంచి 12 లీటర్లు వస్తుంది. ఒక్కో గ్లాసును 15 సెకన్లు కడిగినా రెండున్నర, మూడు లీటర్లు. 400 గ్లాసులంటే వెయ్యి లీటర్ల పైమాట. నల్లా మూతికి బిగించే, నిమిషానికి 3 లీటర్లు ఇచ్చే ఏరేటర్ చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. మీ బోరు నీళ్లకు అందులోని జాలీ నెల తిరిగేసరికి తెల్లగా పూడుకుపోతుంది, వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే శుభ్రమవుతుంది. ఇది ఎవరి పనో ముందే చెప్పి పెట్టకపోతే, ధార తగ్గగానే కుర్రాళ్లు ఏరేటరే విప్పి పారేస్తారు.

అసలైన ఆదా మూడు తొట్ల పద్ధతిలో ఉంది. మొదట గ్లాసులో మిగిలింది వడగట్టి పారబోయడం, నిమ్మ బద్దలు విడిగా. తర్వాత 20 లీటర్ల తొట్టిలో గోరువెచ్చని సబ్బు నీళ్లు, బ్రష్. రెండో తొట్టి మంచి నీళ్లు. మూడోదానిలో క్రిమిసంహారం: 5 శాతం సోడియం హైపోక్లోరైట్ అయితే 20 లీటర్లకు 40 ఎం.ఎల్., అంటే 100 పీపీఎం. ఒక నిమిషం ముంచి, బోర్లించి జాలీ మీద ఆరబెట్టాలి. గుడ్డతో తుడవొద్దు, గ్లాసుకు పట్టే వాసన సగం ఆ గుడ్డదే. రెండో తొట్టిలో నురగ కనబడినా, పైన జిడ్డు తేలినా వెంటనే మార్చాలి. అక్కడ పిసినారితనం చేస్తే బీరు నురగ నిలబడదు.

ముందు ముందు గ్లాస్ వాషర్ కొనగలిగితే ర్యాక్‌కు రెండు మూడు లీటర్లతో పని అయిపోతుంది. కాకపోతే 1100 టీడీఎస్ నీళ్లు నేరుగా ఇస్తే హీటర్ మీద సున్నం కట్టి ఏడాదిలో మూల పడుతుంది, నీళ్లలోని సున్నం తీసే సాఫ్ట్‌నర్ తప్పనిసరి.

ఇక ఆర్ఓ. సగం నీళ్లు వాడకానికి, సగం బయటికి అనుకుంటే ఆ బయటికి పోయే నీళ్ల టీడీఎస్ 2000 దాటుతుంది. దాన్ని మొక్కలకు పోయొద్దు, నాలుగు నెలల్లో ఆకుల అంచులు మాడతాయి. పైపు వేసి టాయిలెట్ ఫ్లష్ ట్యాంకుకు కలపండి, ఫ్లోర్ తుడవడానికి వాడండి. సాఫ్ట్‌నర్ కడిగిన ఉప్పు నీళ్లు కూడా మొక్కలకు పనికిరావు. మీకు మంజీరా (జలమండలి నల్లా) కనెక్షన్ ఉంటే ఐస్ మెషీన్, గ్లాస్ వాష్ దాని మీద పెట్టి, బోరు మిగతా పనులకు ఉంచుకోండి.

ఇంకో జాగ్రత్త: కొన్ని ఐస్ మెషీన్లలో నీటి మట్టం చూసే సెన్సర్ నీళ్లలోని ఖనిజాల మీద ఆధారపడి పనిచేస్తుంది. ఆర్ఓ టీడీఎస్ మరీ 10, 15కు దింపితే అది ట్యాంకు నిండినా నిండలేదనుకుని నీళ్లు వదులుతూనే ఉంటుంది. 30 నుంచి 50 మధ్య ఉంచండి.

కౌంటర్ వెనక

చాలా థాంక్స్ ఇద్దరికీ. చిల్లర్ ప్లైవుడ్ డబ్బాలోనే ఉంది! తేడా చూస్తే 9 డిగ్రీలు. వేడి నీళ్ల సంగతీ నిజమే, మావాళ్లు రోజూ పోస్తున్నారు. నిమ్మకాయల గురించి ఎవరైనా చెప్తారా? తొక్కలే రోజుకు రెండు మూడు కిలోలు డ్రమ్ములోకి పోతున్నాయి.

పులుపు

నిమ్మకు సూపర్ జ్యూస్ అనే పద్ధతి ఉంది. తొక్కలోని నూనెను ఆమ్లాలతో లాగి నీళ్లలో కలపడం, కిటుకు అంతే. కొలతలు ఇవి: పచ్చని పైతొక్క 60 గ్రాములు, సిట్రిక్ యాసిడ్ 40 గ్రాములు, మ్యాలిక్ యాసిడ్ 20 గ్రాములు, నీళ్లు లీటరు. పొడులు రెండూ ఫుడ్ గ్రేడ్, ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉన్నవే కొనాలి. చెంచాలతో కొలవొద్దు, గ్రాము చూపే తూకం కావాలి.

తొక్క ఒలిచి పొడులు కలిపి మూత పెట్టి రెండు గంటలు ఉంచితే కింద నూనె, పులుపు కలిసిన చిక్కటి ద్రవం ఊరుతుంది. లీటరు నీళ్లు పోసి మిక్సీలో 15 సెకన్లు తిప్పి, పలచటి మల్లు గుడ్డలో వడగట్టాలి. ఒలిచిన కాయల రసం పిండి అందులోనే కలపాలి. గాజు సీసాలో 4 డిగ్రీల లోపు ఉంచితే వారం ఉంటుంది, తేదీ రాసి అంటించండి.

మన కాగజీ నిమ్మతో వచ్చే చిక్కు వేరే. తొక్క పలచన, పీలర్ కాస్త లోతుగా దిగినా తెల్ల పొర వస్తుంది, రసమంతా చేదు. అందుకని గట్టిగా, బాగా ఆకుపచ్చగా ఉన్న కాయలు ఏరి, పీలర్ బదులు సన్న తురుము పట్టతో ఒక్కసారి మాత్రమే లాగాలి, అదే చోట రెండోసారి లాగొద్దు. తురుము అయితే ఊరడానికి గంట చాలు. కాయకు మూడు నాలుగు గ్రాములు వస్తుంది, అంటే 60 గ్రాములకు 15 నుంచి 20 కాయలు. వాటి రసంతో కలిపి లీటరుంబావు తయారవుతుంది. వట్టి రసమే అంత కావాలంటే, కాయకు 15 ఎం.ఎల్. లెక్కన, 80 కాయలకు పైగా పిండాలి. ఏప్రిల్, మేలో నిమ్మ ధర మండేటప్పుడు ఈ తేడా ఓనర్ గారికి వివరించే పని కూడా ఉండదు.

షేక్ చేసే డ్రింకులకు ఇది బాగుంటుంది. నిమ్మ సోడాకు, ఉప్పు వేసి ఇచ్చే వాటికి మాత్రం తాజా రసమే వాడండి, అక్కడ తేడా నాలుకకు వెంటనే తెలుస్తుంది.

మీ దగ్గర బత్తాయి జ్యూస్ కూడా ఉంటే నల్లగొండ బత్తాయి తొక్క మందం, ఒలవడం తేలిక. తెల్ల పొర లేకుండా తీసి, సమాన బరువు చక్కెర కలిపి, చేత్తో నలిపి, ఒక రాత్రి ఉంచితే సువాసన ఉన్న పాకం దిగుతుంది. ఉల్లిపాయ, మిరపకాయ కోసిన బల్ల మీద ఈ పని చేయొద్దు, నూనె ఆ వాసనలన్నీ పట్టేస్తుంది.

అలంకరణకు నిమ్మ చక్రాలు ముందే కోసి పెట్టుకునే అలవాటు మానండి. రాత్రి మిగిలినవి 4 మి.మీ. మందాన ఉంటే 55, 60 డిగ్రీల డ్రయ్యర్‌లో ఏడెనిమిది గంటలకు ఎండుతాయి. వానాకాలం సీసా మూత సరిగా పెట్టకపోతే మర్నాటికే మెత్తబడతాయి.

ఖాళీ సీసా

చెత్త విషయంలో మొదట ఒక రోజు మొత్తం తూకం వేయండి. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం రోజుకు 100 కిలోలు దాటితే మీరు భారీగా వ్యర్థాలు వచ్చే సంస్థల జాబితాలోకి వస్తారు. దాటకపోయినా హోటళ్లు, రెస్టారెంట్లు తడి, పొడి విడదీయాల్సిందే.

కౌంటర్ వెనక నాలుగు డ్రమ్ములు పెట్టండి: బీరు సీసాలు, మిగతా గాజు, డబ్బాలు-ప్లాస్టిక్, తడి చెత్త. 650 బీరు సీసా పగలకుండా, మూతి చిట్లకుండా ఉంటే అది చెత్త కాదు, కబాడీ ద్వారా తిరిగి బ్రూవరీకి చేరి కడిగి మళ్లీ నింపుతారు. వచ్చిన అట్టపెట్టెల్లోనే తిరిగి పెట్టండి. లోపల సిగరెట్ పీకలు, టిష్యూలు వేసిన సీసాను తీసుకోరు. విస్కీ, స్కాచ్ సీసాలది వేరే లెక్క, అవి నకిలీ సరుకు నింపేవాళ్ల చేతికి పోతాయి. లేబుల్ చింపి, మూత విడిగా పారేసి, గాజు ముక్కలుగా ఇవ్వండి. ముక్కలు గోనె సంచిలో వద్దు, గట్టి డ్రమ్ములో వేసి పైన "గాజు" అని రాయండి. సంచి ఎత్తే మనిషి చేతులు, కాళ్లు కోసుకుపోతున్నాయి, ఈ ఒక్కటి దయచేసి వదిలిపెట్టొద్దు.

మొక్కజొన్న ప్లాస్టిక్ స్ట్రాలు, కప్పులు కొనకండి. అవి కుళ్లాలంటే 60 డిగ్రీల దగ్గర నడిచే పెద్ద కంపోస్ట్ ప్లాంటు కావాలి. మామూలు డ్రమ్ములో వేస్తే అలాగే పడి ఉంటాయి. వెదురు స్ట్రా లోపల ఆరక బూజు పడుతుంది. స్ట్రా అడిగినవాళ్లకే ఇవ్వడం అన్నిటికన్నా చవక.

సోడా దగ్గర మాత్రం డబ్బు పెట్టండి. రోజుకు 40 సీసాలంటే 30 లీటర్లు, నెలకు 1200 ప్లాస్టిక్ సీసాలు. 19 లీటర్ల స్టీల్ కెగ్గులు (పీపాలు) నాలుగు, రెండు వాడకానికి, రెండు గ్యాస్ పట్టడానికి, ఫుడ్ గ్రేడ్ కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్, నల్లా చాలు. ఆర్ఓ నీళ్లు 3, 4 డిగ్రీలకు చల్లబరచి 16 లీటర్ల దాకా నింపి, మూత బిగించి, గ్యాస్ ఇచ్చి, పై వాల్వ్ మూడు నాలుగు సార్లు లాగి లోపలి గాలి బయటికి పంపాలి. ఇది మర్చిపోతే ఎంత గ్యాస్ పెట్టినా బుడగలు నిలబడవు. 30 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచండి. పోసేటప్పుడు అంతా నురగై చప్పగా వస్తోందంటే ట్యూబు పొట్టిదన్నమాట: లోపలి వ్యాసం 4.8 మి.మీ. ఉన్నది మూడు మీటర్లకు తగ్గకూడదు. సోడా తగిలే చోట రాగి, ఇత్తడి ఫిట్టింగులు వద్దు, ఆ నీళ్లు రాగిని కరిగిస్తాయి. స్టీల్ మాత్రమే. లీటరుకు నష్టంతో కలిపి 14 గ్రాముల గ్యాస్ వేసుకుంటే 5 కిలోల సిలిండర్ పన్నెండు రోజులు వస్తుంది. సిలిండర్‌ను గొలుసుతో గోడకు కట్టండి. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది, కిటికీ లేని స్టోర్ రూములో పెట్టొద్దు.

కౌంటర్ వెనక

ముందు ప్లైవుడ్ కోయించి, టైమర్లు, ఏరేటర్లు పెట్టి, మిగిలిన దాంతో సోడా సెట్ చూస్తాను. చివరగా ఒకటి. పిండిన నిమ్మ తొక్కలతో బయో ఎంజైమ్ చేసి ఫ్లోర్ తుడవమని కిచెన్ మేనేజర్ అంటున్నారు. మా ఫ్లోరంతా తాండూరు బండలే, కౌంటర్ కడప రాయి.

పులుపు

వాటి మీద మాత్రం వద్దండి. తాండూరు, షాబాద్, కడప రాళ్లు మూడూ సున్నపురాయే, పులుపు తగిలితే నునుపు పోయి తెల్లమచ్చలు పడతాయి. అదే కారణంతో నిమ్మరసం ఒలికినా వెంటనే తుడవాలి. టాయిలెట్ టైల్స్‌కు, మోరీ జాలీలకు వాడుకోవచ్చు. బెల్లం కిలో, తొక్కలు మూడు కిలోలు, నీళ్లు పది లీటర్లు. 20 లీటర్ల డ్రమ్ములో పైన ఖాళీ వదిలి, మొదటి నెల రోజూ మూత ఒకసారి వదులు చేయాలి, లేకపోతే గ్యాస్‌కు డ్రమ్ము ఉబ్బి పగులుతుంది. మూడు నెలలకు వడగట్టాలి. గ్లాస్ వాష్ దగ్గర వాడే హైపోక్లోరైట్‌తో దీన్ని ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది, రెండూ వేర్వేరు అల్మారాల్లో పెట్టించండి. మీకొచ్చే తొక్కలన్నిటికీ ఇలా డ్రమ్ములు పెడితే మూడు నెలలకు తొంభై అవుతాయి, కాబట్టి పదిహేను రోజులకు ఒక డ్రమ్ము చాలు. మిగతావి చిన్న ముక్కలు చేసి, రెండింతలు ఎండుటాకులో కొబ్బరి పీచో కలిపి కంపోస్టుకు పంపండి. వానపాముల తొట్టిలో మాత్రం వేయొద్దు.